నీళ్లు నిద్రపోయిన చోటు

పొద్దున ఆరింటికి పైపు గురగురమనగానే శీనమ్మ ప్రార్థన ముగించి, బిందె మూతికి తెల్లగుడ్డ నాలుగు మడతలు వేసి కట్టుకుని కుళాయి గుంతలోకి దిగుతుంది. ఆ గుడ్డ అత్త సారమ్మ పెండ్లినాటి తెల్లచీరలోది. నీళ్లు రాత్రి ఎక్కడ నిద్రపోయినాయో ఆ చోటు దాని మీద బొమ్మగా పడుతుందని ఉదయగిరిలో ఆ వీధికంతా తెలుసు. మామూలుగా ట్యాంకూ, దాని ఇనుపమెట్లూ పడతాయి. ఒక ఎండాకాలం కోతిపిల్ల బొమ్మ పడితే, నీళ్లు వదిలే జయపాల్ ట్యాంకెక్కి లోపల చచ్చిపడున్న పిల్లను తీసేసి, బ్లీచింగు వేసి కడిగాడు.

కొండ కింద ఆ వీధికి ధార సన్నం. పైపు ఎంత కిందికి దించితే అంత బాగా వస్తుందని ఇంటింటా గుంత తవ్వుకున్నారు. శీనమ్మ ఇంట్లో గుంత ఆమె పెనిమిటి వరప్రసాదం తవ్వింది. అంచుకు సిమెంటు పూసి, తడి ఆరకముందే కుడిచెయ్యి అద్దాడు. చెరుకు మిషన్లో ఒక వేలు పోయిన చెయ్యి అది. ఆయన పోయినాక ఆ నాలుగు వేళ్ల అచ్చు మీద చెయ్యి ఆనించి గాని శీనమ్మ గుంతలోకి దిగదు.

"ఆ గుంత పూడ్చెయ్ పిన్నమ్మా," అని జయపాల్ రెండుసార్లు చెప్పాడు. "నేను వాల్వు కట్టినాక గుంతలో మురికిని పైపు ఎనక్కి పీల్చుకుంటాది. తెల్లారి అందరిళ్లకీ అదే పోతాది."

"మీ చిన్నాయన చేత్తో తవ్విందిరా అది. నీ పని నువ్వు చూసుకో పో."

శీనమ్మ మర్రిపాడులో ప్రార్థన కూటాలకు పోయి ఉండగా ఇక్కడ వానకు ఆమె ఇంటి పక్కనున్న మురుగుకాలవ తెగింది. వీధిలో ఆరుగురికి వాంతులు, విరేచనాలు. మనమరాలు అశ్వితను ఆత్మకూరు ఆస్పత్రిలో చేర్చారని తెలిసి శీనమ్మ అటునుంచి అటే పోయింది. ఎదురింటి ఆదిశేషమ్మ అర్జీ పట్టుకుని ఆస్పత్రికే వచ్చింది. జయపాల్ ట్యాంకు కడగలేదు, పనిలోంచి తీసెయ్యండి అని రాసిన ఆ కాగితం మీద మొదటి సంతకం శీనమ్మే పెట్టింది. బిడ్డకిట్లా చేసినోళ్లెవరో చూపించు ప్రభువా అని వారం రోజులూ మంచం పక్కనే మోకరించింది.

సోమవారం పదింటికి పంచాయతీ సెక్రటరీ విచారణకు వస్తాడనగా, కొడుకును బిడ్డ దగ్గర ఉంచి ముందురోజు రాత్రే ఇంటికొచ్చిన శీనమ్మ ఆ పొద్దున గుడ్డ కట్టి నీళ్లు పట్టింది. పచ్చటి మరక గుండ్రంగా గుంతలాగా తిరిగింది. అంచున ఒక చెయ్యి. నాలుగు వేళ్లు.

కోడలు అనురాధ వంగి చూసి గొంతు తగ్గించింది. "జాడించెయ్ అత్తా. ఎవురికీ తెలీదు. అర్జీలో ముందు నీ పేరే ఉండాది."

శీనమ్మ గుడ్డ పిండలేదు. నీళ్లు కారుతుండగానే పట్టుకుని నడిచింది.

వాల్వు దగ్గర జనం మూగి ఉన్నారు. "ఇంకా ఆ రెంచీ ఏందిరా చేతిలో? సార్‌కిచ్చెయ్," అంటోంది ఆదిశేషమ్మ. జయపాల్ తల వంచుకుని ఉన్నాడు.

శీనమ్మ గుడ్డను గోడ మీద పరిచింది. ఆ చెయ్యెవరిదో చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎంత పని చేసినావే శీనా! మావాడు చావు తప్పించుకున్నాడు గదే!" ఆదిశేషమ్మ అరిచింది.

"నేనే చేసినా. సార్, ఆ సంతకం కొట్టెయ్యండి. ఈ పిల్లోడు రెండుసార్లు చెప్పినాడు, నేనే ఇన్లా."

సెక్రటరీ గుడ్డ వంక చూశాడు. అర్జీని రెండుగా చింపి జేబులో పెట్టుకుని, "ఇంకా ఎన్నిళ్లలో ఉండాయి గుంతలు?" అన్నాడు.

ఆదిశేషమ్మ కొంగు సర్దుకుంది. "మా ఇంట్లో ఉండేది చిన్నదిలే సార్."

ఆ వారంలో గుంతలన్నీ పూడ్చారు. శీనమ్మ ఇంట్లో గుంత జయపాలే పూడ్చాడు. గ్రావెలు పోసేముందు, ఆమె అంచు మీది నుంచి చెయ్యి తీసేదాకా పార ఆనుకుని నిలబడ్డాడు. పైపు నడుమెత్తుకు లేపి కొత్త కుళాయి బిగించాడు.

ఇప్పుడు ధార దారమంత. బిందె నిండాలంటే అరగంట. అశ్విత ఇంటికొచ్చిన రోజు జయపాల్ ట్యాంకెక్కి కడిగాడు; మర్నాడు గుడ్డ విప్పి చూస్తే ట్యాంకు పడింది, మెట్లు పడినాయి, పైమెట్టు పట్టుకుని ఒక చెయ్యి. శీనమ్మ మెల్లగా లెక్కపెట్టుకుంది. అయిదు వేళ్లూ ఉన్నాయి.

"కట్టెయ్యనా పిన్నమ్మా?" వీధి చివరినుంచి జయపాల్ కేక.

"ఉండరా," అందామె, గుడ్డ జాడించి రెండో బిందెకు కడుతూ. "ఇంకొకటి ఉండాది."