కళ్ళు మండని నీళ్ళు

ల్యాబు అటెండరు ఫకీరప్ప గిలక మీద చేంతాడు సర్దుకుని మళ్ళీ బిందె వదిలాడు. కుళాయికి నీళ్ళు రాని వారం అది. ధార్వాడలో అదేమీ వింత కాదు. కాలేజీ తోట వెనక ఈ బావి ఉండబట్టి జంతుశాస్త్రం ల్యాబు నడుస్తోంది. రాత్రి కురిసిన వాన నీలగిరి ఆకుల మీంచి ఇంకా చుక్కలుగా రాలుతోంది. బావి నుంచి ల్యాబుకు ఎక్కే మెట్లు నాచు పట్టి ఉన్నాయి. అతను చెప్పులు విడిచి, కాలి వేళ్ళతో నేలను పట్టుకుంటూ, భుజాన బిందెతో మెల్లగా పైకి ఎక్కాడు.

"ఏం ఫకీరప్పా, చచ్చిన చేపలకు ఇన్ని స్నానాలా? పెళ్ళిచూపులకు గానీ తీసుకెళ్తున్నావా?" అని మొక్కల మధ్య నుంచి తోటమాలి దురగప్ప అడిగాడు.

"ఆ. చూసేవాళ్ళు మధ్యాహ్నం వస్తున్నారు. అందరూ ఆడపిల్లలే" అన్నాడు ఫకీరప్ప, ఆగకుండానే.

వెనక వరండాలో పొడవాటి రాతి తొట్టి ఉంది. ఒకప్పుడు గుర్రాలు నీళ్ళు తాగేవట అందులో. ఇప్పుడు కార్వార సముద్రం నుంచి వచ్చిన సొరచేప పిల్లలు వరసగా పడుకుని ఉన్నాయి. అవి కుళ్ళకుండా ఫార్మలిన్ పోసిన డ్రమ్ములో వస్తాయి. మూత తీస్తే చాలు, ముక్కులో సూదులు గుచ్చినట్టుంటుంది. డ్రమ్ములోంచి తీసి నేరుగా బల్లల మీద పెట్టేసినా అడిగేవాళ్ళు లేరు. పక్క ఊరి కాలేజీలో అలాగే పెడతారని, అక్కడి పిల్లలు క్లాసంతా ముక్కు కారుతూ చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ నిలబడతారని ఫకీరప్ప విన్నాడు. అతను మాత్రం క్లాసు ఉన్న రోజు చీకటితోనే వచ్చి, చేపల్ని తీసి తొట్టిలో పెట్టి, నీళ్ళు పోస్తాడు. కాసేపు నాననిచ్చి, అడుగున గుడ్డముక్కతో బిగించిన కన్నం తెరిచి ఆ నీళ్ళు వదిలేసి, మళ్ళీ కొత్త నీళ్ళు పోస్తాడు. ఇలా చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్ల కళ్ళు వాచిపోయి గోడ పట్టుకుని నడవడం చూశాడు. అప్పటినుంచి చేస్తున్నాడు.

అతని చేతులు ఆ పనిని దాచుకోలేవు. వేళ్ళ చివరలు తెల్లగా, గట్టిగా, నానబెట్టి ఎండబెట్టిన తోలులా ఉంటాయి. పొగలు కక్కే చాయ్ గ్లాసును ఉత్త చేతులతో పట్టుకుంటాడు, వేడి తెలియదు. నిమ్మకాయతో రుద్దినా, బూడిదతో తోమినా వాసన పోదు. అందుకే ఇంట్లో భార్య యల్లవ్వ జొన్నరొట్టెను తనే ముక్కలుగా తుంచి, వంకాయ కూరలో కలిపి, చెంచా వేసి ఇస్తుంది. వాడకట్టులో చెంచాతో రొట్టె తినేవాడు అతనొక్కడే. "దొరగారి భోజనం అయిందా?" అని ఇరుగుపొరుగు ఎగతాళి చేస్తారు. "అయింది. పళ్ళెం కడగడానికి వచ్చారా?" అని యల్లవ్వే జవాబు చెబుతుంది.

తొట్టి నిండింది. ఫకీరప్ప దాని మీదికి వంగి, కళ్ళు తెరిచి ఉంచాడు. పూర్వం ఇలా వంగితే కళ్ళు చెప్పేవి. మండితే ఇంకా కడగాలి, మండకపోతే చాలు. ఈమధ్య కళ్ళు ఏమీ చెప్పడం లేదు. వేళ్ళ లాగే అవీ మొద్దుబారాయి. ఇవాళ కూడా ఎంతసేపు వంగినా ఏమీ తెలియలేదు. చాలు అనుకుని వదిలేస్తే పిల్లల కళ్ళు మండవచ్చు. చాలలేదనుకుంటే మళ్ళీ బావికి దిగాలి. అతను ఎడమ భుజాన్ని రుద్దుకుంటూ నిలబడ్డాడు.

అప్పుడు చూశాడు, వరండా మెట్ల మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించుకుని ఉంది. నీలాంబిక. అణ్ణిగేరి దగ్గర ఒక పల్లె ఆమెది. మిగతా పాఠాలన్నిటికీ ముందు వరసలో ఉంటుంది. కోతల క్లాసులకు మాత్రం రావడం లేదు. ఇవాళ కూడా రాకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వనని ఇనామదార్ సార్ అందరి ముందూ చెప్పారు.

"ఇంత పొద్దున్నే వచ్చావేం తల్లీ?"

"హాస్టల్లో ఉండబుద్ధి కాలేదు కాకా. సార్ వచ్చాక చెప్పేసి వెళ్ళిపోతా. ఈ చదువు నా వల్ల కాదు."

"మీ ఊరి బడిలో సైన్సు పాఠం చెప్పాలంటివి కదా."

"ఆ ఊరికి సైన్సు టీచర్లు ఎవరూ రారు. నేనన్నా పోదామనుకున్నా." ఆమె గొంతు తగ్గింది. "మా ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తరు కాకా. మెడలో లింగకాయ ఉంది. చేపను కోసిన చేత్తో మళ్ళీ పూజ ఎట్లా చెయ్యను? పైగా పోయినేడు ఒక అక్కకు కత్తి దిగి వేలు వాచిపోయిందంట. కళ్ళు పోతాయని కూడా అంటున్నారు."

ఫకీరప్ప తడి చేతులు తుడుచుకున్నాడు. "పూజ మాటకు నా దగ్గర జవాబు లేదు తల్లీ. నేను మాంసం తినేవాణ్ణి. కత్తుల సంగతి కావాలంటే చూపిస్తా" అని లోపలికి వెళ్ళి పళ్ళెం తెచ్చాడు. తుప్పు పట్టినవి తీసేసి, పదును పెట్టిన కత్తులన్నిటి మొనలకూ జొన్నదంటు బెండు ముక్కలు గుచ్చి ఉన్నాయి. చూడకుండా చెయ్యి పెట్టినా తెగదు.

ఆమె ఒక బెండు ముక్కను లాగి చూసి, మళ్ళీ గుచ్చింది.

"ఇక కళ్ళ సంగతి" అన్నాడు. "నీ కళ్ళతో నాకు పని పడింది. నావి మొద్దుబారిపోయాయి. ఇటొచ్చి ఈ నీళ్ళ మీదికి వంగి, మండుతున్నాయో లేదో చెప్పు. చేప వైపు చూడకపోయినా సరే. నీళ్ళే చూడు."

నీలాంబిక లేచింది. తొట్టికి దూరంగానే ఆగింది. తర్వాత ఇంకొంచెం దగ్గరకొచ్చి, చున్నీ కొంగుతో ముక్కు మూసుకుని వంగింది. వెంటనే వెనక్కి జరిగి కళ్ళు నులుముకుంది.

"మండుతున్నాయి కాకా."

"చూశావా. నాకు తెలియనే లేదు" అని కన్నంలో గుడ్డ తీశాడు. నీళ్ళు కాలువలోకి పోతుండగా బిందె తీసుకుని మళ్ళీ బావి వైపు దిగాడు. ఆమె వెనకే వచ్చి తాడు పట్టుకోబోయింది. "నువ్వు కళ్ళు జాగ్రత్తగా పెట్టుకో. బిందెలు నేను చూసుకుంటా" అన్నాడు. పైకి వచ్చేటప్పుడు ఒకచోట ఆగి, గోడకు ఆనుకుని, ఊపిరి తీసుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ నడిచాడు.

రెండోసారి వంగినప్పుడు ఆమె ముక్కు మీద కొంగు లేదు. "తగ్గింది. కానీ ఇంకా ఉంది" అంది. ఆ మాట ఎంత శ్రద్ధగా చెప్పిందో గమనించి ఫకీరప్ప మళ్ళీ దిగాడు. మళ్ళీ నీళ్ళు మార్చాడు. ఈసారి ఆమె చాలాసేపు వంగింది. నీళ్ళలో ఒక సొరపిల్ల అడ్డంగా తిరిగి, మిగతావాటి మీద పడి ఉంది. దాని కింద నీళ్ళు కదలడం లేదు. నీలాంబిక చెయ్యి పెట్టి దాన్ని నిలువుగా సర్దింది. సర్దాక తన చేతిని తనే చూసుకుంది.

"గరుగ్గా ఉంది కాకా. ఇసక కాగితంలాగా."

"తల నుంచి తోక వైపు రాస్తే నున్నగా ఉంటుంది. ఎదురు రాస్తేనే గరుకు."

ఆమె రాసి చూసింది. ఫకీరప్ప చెంబుతో ఆమె చేతుల మీద నీళ్ళు పోసి, సబ్బు ఇచ్చాడు. "పూజకు ముందు స్నానం చేస్తావు కదా. ఇవీ పొద్దుట్నించి స్నానాలే చేస్తున్నాయి" అన్నాడు. ఆమె తల వంచుకునే నవ్వింది.

"ఇప్పుడు మండటం లేదు" అంది తొట్టి వైపు చూసి.

మధ్యాహ్నానికి ల్యాబు నిండింది. కొండ మీది గాలికి దక్షిణం కిటికీ తలుపు దడాలున మూసుకుంటుంది. దాని గడియ ఎప్పుడో ఊడిపోయింది. ఫకీరప్ప ఇంట్లో రోలు పగిలినప్పుడు మిగిలిన నల్లటి పొత్రాన్ని తెచ్చి, అద్దం పగలకుండా పాత ధోవతి ముక్క చుట్టి, తలుపుకు ఆన్చిపెడతాడు. ఇవాళ అలా పెడుతుండగా ఇనామదార్ సార్ వచ్చారు.

"ఫకీరప్పా, అది మూసెయ్. మొన్న కోతి లోపలికొచ్చి రేష్మా టిఫిన్ డబ్బా ఎత్తుకుపోయింది. కత్తులు పట్టుకున్న పిల్లల మీద దూకితే ఎవరిది బాధ్యత?"

"నిజమే సార్. కానీ మూస్తే గాలాడదు, కళ్ళు మండుతాయి. కోతుల సంగతి నేను చూసుకుంటా."

"క్లాసంతా అక్కడే నిలబడతావా?"

"కూర్చుంటా సార్."

సార్ బల్లల వైపు ఒకసారి చూసి, సరే అన్నట్టు తల ఊపారు. ఫకీరప్ప కిటికీ పక్కన స్టూలు వేసుకుని, ఒళ్ళో కర్ర పెట్టుకుని కూర్చున్నాడు.

"కాకా, నా డబ్బా దొరికిందా?" అని రేష్మా అడిగింది. ఆమె, నీలాంబిక ఒకే బల్ల.

"రొట్టె తిని డబ్బా చెట్టు మీద పెట్టింది. పల్లీల పొడిలో ఉప్పు తక్కువైందట, మీ అమ్మకు చెప్పమంది."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నీలాంబిక కత్తి మొనకున్న బెండు ముక్క లాగేసింది. మొదటి గాటు పడేదాకా ఫకీరప్ప కిటికీ బయటికే చూశాడు. తర్వాత చూశాడు. ఆమె పెదవులు బిగించి, తల వంచి, సొరపిల్ల తల మీది చర్మాన్ని కొద్దికొద్దిగా లేపుతోంది. రేష్మా ఏదో అంటే, "ఉండవే, నరం తెగుతుంది" అని విసుక్కుంది.

బొట్టు బొట్టుగా వాన మళ్ళీ మొదలైంది. కోతులేవీ రాలేదు. ఫకీరప్ప ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని, క్లాసు అయ్యేదాకా కూర్చున్నాడు. తెల్లటి నరాన్ని తెగకుండా చివరిదాకా బయటపెట్టిన నీలాంబిక బల్ల దగ్గర సార్ ఎక్కువసేపు ఆగారు. క్లాసులో ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. ఆ సంగతి గమనించినవాడు అతనొక్కడే.

ఆ సాయంత్రం ఇంట్లో యల్లవ్వ రొట్టె తుంచి, చెంచా వేసి ఇచ్చింది. సగం తిని, "ఇవాళ బావికి ఎక్కువసార్లు దిగాను. కాసేపు పడుకుంటా" అన్నాడు. ఆమె పళ్ళెం మీద మూత పెట్టింది. తెల్లవారి లేపబోతే లేవలేదు.

తర్వాతి క్లాసుకు అతని బదులు వేరే విభాగం నుంచి ఒక మనిషిని పంపుతామని ఆఫీసువాళ్ళు అన్నారు. ఆ రోజు వచ్చింది గానీ మనిషి రాలేదు. నీలాంబిక పొద్దున్నే వెనక వరండాకు వచ్చేసరికి డ్రమ్ముకు మూత పెట్టే ఉంది, తొట్టి ఖాళీగా ఉంది. దురగప్పను అడిగి బిందె తీసుకుంది. కాసేపటికి రేష్మా కూడా వచ్చి తాడు పట్టుకుంది. ఇద్దరూ చున్నీలు ముక్కులకు చుట్టుకుని, రబ్బరు తొడుగులు వేసుకుని, చేపల్ని ఒక్కొక్కటే తొట్టిలోకి మార్చారు.

"ఇంకెంతసేపే? చేతులు పడిపోతున్నాయి" అంది రేష్మా బావి దగ్గర.

నీలాంబిక తొట్టి మీదికి వంగి చూసి వచ్చింది. "మండుతున్నాయి. ఇంకొకసారి మార్చాలి."

"మొన్న కాకా ఎన్నిసార్లు మార్చాడు?"

"చెప్పలేదు. నేను చాలు అనేదాకా."

రేష్మా తాడు వదిలింది. బిందె మళ్ళీ బావిలోకి దిగింది.

ఇనామదార్ సార్ ల్యాబులోకి వచ్చేసరికి చేపలు పళ్ళేల్లో ఉన్నాయి, కత్తులకు బెండు ముక్కలు ఉన్నాయి, దక్షిణం కిటికీ తెరిచి ఉంది. దాని పక్కన ఖాళీ స్టూలు ఉంది. ఆయన కోతుల కోసం మూలనున్న కర్ర తీసుకుని తనే ఆ స్టూలు మీద కూర్చుని పాఠం మొదలుపెట్టారు. కొండ మీది గాలి గట్టిగా వీచింది. కిటికీ తలుపు ఒకసారి కొట్టుకుని, ధోవతి ముక్క చుట్టిన నల్లటి పొత్రానికి ఆనుకుని నిలిచింది. ఫకీరప్ప వేళ్ళు పట్టే చోట ఆ గుడ్డ అరిగి, లోపలి రాయి నున్నగా కనబడుతోంది.