సోఫాలకు చల్లగాలి

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎర్నెస్టీన్ టబ్స్ తన డబ్బా మూత తీసి, మొక్కజొన్న రొట్టె, ఉడికించిన ఆకుకూర బల్ల మీద పెట్టుకుని ఒంటరిగా భోజనం చేస్తుంది. ఆమె వెనక పొడవాటి నడవా. దానికి రెండు పక్కలా మూడు వందల పన్నెండు గదులు, అన్నిటికీ తాళాలే. వాటిలో నది అవతలి పెద్ద ఇళ్ళవాళ్ళ సోఫాలు, పియానోలు, క్రిస్మస్ అలంకరణలు ఉంటాయి. చెక్క ఉబ్బకుండా వాటికి రోజంతా చల్లగాలి. ఎర్నెస్టీన్ నడిస్తే నడవాలో దీపాలు వాటంతటవే వెలుగుతాయి, దాటగానే ఆరిపోతాయి. రోజుకు ఇద్దరు మనుషులు వస్తే గొప్ప. పొద్దున్నే తాళాలు చూసివచ్చేటప్పుడు ఆమె గది నంబర్లు పైకి చదువుతుంది. కనీసం తన గొంతైనా తనకు వినబడుతుందని.

చూసినవాళ్ళు అదృష్టమంటే ఆమెదే అంటారు. మిసిసిపీ ఎండల్లో చల్లని కుర్చీ, నెల తిరిగేసరికి జీతం. ఆ అదృష్టం ఎలా పట్టిందో చెబితే తప్ప పాఠకులకు దాని రుచి తెలియదు.

చొక్కాల ఫ్యాక్టరీ మూతబడ్డాక మా మిల్ రో వాడలో పని కరువైంది. ఇలాంటి వాడల్లో పెట్టుబడి పెట్టే వ్యాపారులకు లాభాల మీద పన్ను తగ్గిస్తామని పై ప్రభుత్వం అంది. అయిదేళ్ళు ఆస్తిపన్ను వదులుకుంటామని మా ఊరి కౌన్సిలు కూడా అంది. ఒక కంపెనీ వచ్చింది. నాణేలు వేసి బట్టలుతుక్కునే పాత దుకాణం ఉన్న స్థలమే కావాలంది. కౌన్సిలు జనం మాట అడిగిన రోజున ఎర్నెస్టీన్ చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని వెళ్ళి, “రానివ్వండి, మా వాడకి పని దొరుకుతుంది” అంది. చర్చి గాయకుల్లో ముప్పై ఏళ్ళుగా నమ్మిన గొంతు అది. చప్పట్లు మోగాయి. అక్కడ ఏం కడతారని మాత్రం ఒక్కరూ అడగలేదు. మంచి పేరు పెట్టిన చట్టం మంచే చేస్తుందనుకున్నారు, అమాయకులు. చివరికి కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, సామాను దాచుకునే అద్దె గదులు లేచాయి. వాటికి కావలసింది ఒకే ఒక్క మనిషి. ఆ ఉద్యోగం ఎర్నెస్టీన్‌కే ఇచ్చారు.

ఆ బట్టలుతుక్కునే దుకాణంతో పాటు ఆడవాళ్ళు దుప్పట్లు మడుస్తూ చెప్పుకునే కబుర్లూ పోయాయి. “మాకు పనొస్తుందన్నావు, నీకొచ్చింది” అని చర్చి మెట్ల మీదే ఆమె మొహాన అన్నవాళ్ళున్నారు. మాటలు మానని మనిషి వెల్మా ఒక్కతే. ఎర్నెస్టీన్ ఎదురింట్లోనే ఉండేది. ఫ్యాక్టరీలో ఇద్దరూ ఇరవై రెండేళ్ళు పక్కపక్క మిషన్ల మీద కాలర్లు కుట్టారు.

గదులకు పన్ను వదిలిన అయిదో ఏడు, జూలైలో ఒక మధ్యాహ్నం వెల్మా తడి రుమాలు మెడకు చుట్టుకుని వచ్చింది.

“ఏమే ఎర్నీ, ఓ గంట కూచుని పోతానే. నా ఫ్యాను చచ్చింది. ఇంట్లో పెనం మీద కూచున్నట్టుంది.”

ఎర్నెస్టీన్ గోడ మీది కెమెరా వైపు చూసింది. “గదులు అద్దెకి తీసుకున్నవాళ్ళు తప్ప ఎవరూ కూచోకూడదటే. కంపెనీవాళ్ళు చూస్తుంటారు.”

“అయితే నేను సోఫాగా పుట్టాల్సిందన్నమాట!” వెల్మా నవ్వింది. “పోనీలే, నీ కుర్చీకి ఎసరు పెట్టను.”

నవ్వుతూనే వెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం ఆమెను అంబులెన్సులో తీసుకుపోయారు. వడదెబ్బ. ప్రాణం దక్కింది గాని, ఆసుపత్రి నుంచి మేనకోడలు నేరుగా మెంఫిస్‌లో తన ఇంటికి తీసుకుపోయింది. ఎర్నెస్టీన్ రోజూ ఫోను చేసింది. వెల్మా ఎత్తలేదు. తప్పు రూలుదని ఎర్నెస్టీన్ ఎన్నిసార్లు అనుకున్నా మనసు ఒప్పుకోలేదు. వద్దన్నది తన నోరే.

ఆగస్టులో హాలవే అనే కంపెనీ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడు, టోపీ తీసి మాట్లాడతాడు.

“మిస్ ఎర్నెస్టీన్, పన్ను మినహాయింపు ఇంకో అయిదేళ్ళు పొడిగించమని అడుగుతున్నాం. గురువారం కౌన్సిల్లో మీరు రెండు ముక్కలు చెప్పాలి. మీ మాటంటే ఈ ఊళ్ళో గురి.”

“చెప్పకపోతే?”

“అబ్బే, బలవంతం లేదండీ. పొడిగింపు రాకపోతే మాత్రం మనిషి బదులు గేటుకి మిషను పెట్టుకోక తప్పదు. మీ కుర్చీ ఉండదు.”

అరవై ఒక్క ఏళ్ళ మనిషికి మా ఊళ్ళో ఇంకో కుర్చీ దొరకదని ఇద్దరికీ తెలుసు.

గురువారం ఆమె మళ్ళీ ఊదారంగు టోపీతో వెళ్ళింది. మైకు తనవైపు వంచుకుంది.

“అయిదేళ్ళ కిందట ఇక్కడే నిలబడి రానివ్వండన్నాను. మీరు విన్నారు. పని వస్తుందన్నాను. వచ్చింది. ఆ వచ్చిన పని నా ఒక్కదానికే, చూసుకోండి. మా వాడ పేరు చెప్పి మీరు వదులుకున్న పన్ను నది అవతల సోఫాలకి చల్లగాలైంది. మా వెల్మా ఓ గంట కూచుంటానంటే ఆ గాలి నేనే ఇవ్వలేదు. రూలు వాళ్ళది, పాపం నాది.”

కౌన్సిలు అధ్యక్షురాలు మిసెస్ బ్లెడ్సో ముందుకు వంగింది. “అయితే మినహాయింపులే వద్దంటారా?”

“వద్దనను తల్లీ. ఇవ్వండి. పెట్టుబడి రాకపోతే మా వాడ బతకదు. కానీ ఇచ్చేముందు అడగండి. ఏం కడతారు, ఎంతమందికి పని, మా వాళ్ళకి అందులో అడుగుపెట్టే హక్కుందా అని. కాగితం మీద రాయించుకోండి. రాసింది చెయ్యకపోతే వదిలిన పన్ను వెనక్కి రాబట్టండి. పేదవాడ పేరు మీద ఇచ్చే మినహాయింపు ఆ వాడ మనుషులకి అందాలి. అందకపోతే అది మా పేరు చెప్పి పెద్దవాళ్ళకి పెట్టిన విందే.”

ఈసారి చప్పట్లు లేవు. కౌన్సిలు పొడిగింపును ఆపి, ముందు షరతులు రాయాలని తీర్మానించింది. హాలవే టోపీ పెట్టుకుని బయటకు నడిచాడు. పదిరోజులకు గేటు దగ్గరకు మిషను వచ్చింది, బల్ల దగ్గరి కుర్చీ పోయింది.

తరవాతి ఆదివారం మెంఫిస్ నుంచి ఫోను వచ్చింది.

“కౌన్సిల్లో నువ్వన్నది విన్నానే,” అంది వెల్మా. “ఉద్యోగం ఊడిందటగా. ఒక్కదానివీ ఏం చేస్తున్నావే?”

“అప్పుడూ ఒక్కదాన్నే గదే,” అంది ఎర్నెస్టీన్. “జీతం వచ్చేది, అంతే.”