బేగంకి నచ్చదు

"దానికి నచ్చదు, వదిలెయ్యి" అన్నాడు యూనస్.

ఆదివారం పొద్దున. నా ఒళ్లో పిల్లి, చేతిలో స్టీలు దువ్వెన, ముంజేతి మీద అప్పుడే పడ్డ మూడు గీతలు. యూనస్ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, నా చేతిని కాదు, పిల్లి మొహాన్ని చూస్తున్నాడు. పదకొండేళ్ల కాపురంలో నా భర్త ఆ మాట అనగా చాలాసార్లు విన్నాను. ఒక్కసారి కూడా నా గురించి కాదు.

బేగం మా ఇంటికొచ్చి ఏడాదయింది. హైదరాబాద్‌కి బదిలీ అయిన బ్యాంకు మేనేజరొకాయన మా కొట్లో కుట్టించుకున్న బూరుగుదూది పరుపును లారీ ఎక్కించి, పిల్లిని మాత్రం యూనస్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. తెల్లటి ఒళ్లు, వేలెడు పొడుగు వెంట్రుకలు, నొక్కేసినట్టుండే ముక్కు. పేరు యూనసే పెట్టాడు. జగ్గయ్యపేటలో మా పరుపుల కొట్టు కట్టేసి ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా "బేగం తిందా?" అని అడుగుతాడు. నేను తిన్నానా అని అడిగింది పెళ్లయిన కొత్తలో ఒకసారి. అదీ మా పుట్టింటివాళ్లు వచ్చిన రోజున.

నాకా పిల్లి అంటే అసూయ. నవ్వేవాళ్లు నవ్వచ్చు. ముప్పై అయిదేళ్లదాన్ని, డిగ్రీ చదివాను, నందిగామ కోర్టు దగ్గర భారతీదేవి మేడం అనే లాయరు ఆఫీసులో పిటిషన్లు టైపు చేస్తాను, ఒక నోరులేని జీవి మీద ఏడుస్తున్నాను. దాని అందానికి కాదు, అది తినే ప్యాకెట్ల తిండికీ కాదు. అది వద్దంటే వద్దే, అందుకు. ఇంటికి చుట్టాలొస్తే యూనస్ ముందే చెప్తాడు, అడక్కుండా ఎత్తుకోకండి, దానికి నచ్చదని. పిల్లలు చెయ్యి చాస్తే, ముందు వాసన చూడనియ్యి, అది సరేనంటేనే ముట్టుకో అంటాడు. ఎంత నెమ్మదిగా అంటాడో. ఆ గొంతు ఈయనలో ఎక్కడ దాక్కుందా అని వంటింట్లోంచి వింటూ ఉంటాను.

ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, ఫోటోలు తియ్యడం ఆయన వంతు. అది దొడ్డికెళ్లే మట్టి డబ్బా కడగడం, సోఫా మీద వెంట్రుకలు ఏరడం, రోజూ దువ్వడం నా వంతు. ఎవరూ చెప్పలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఇంట్లోకి ఏదొచ్చినా దాని పని నాకే వస్తుంది. పొద్దున ఎనిమిదింటి నందిగామ బస్సుకి ముందు వంట, క్యారేజీలు, మా అత్తయ్య మందులు, దాని దువ్వెన. దువ్వెనంటే దానికి సైతాను. రక్కుతుంది, కరుస్తుంది. ఒకరోజు మేడం నా చేతులు చూసి తలుపు దగ్గరగా వేసి, ఇంట్లో ఏమన్నా జరుగుతోందా జాకియా అని మెల్లిగా అడిగింది. పిల్లి రక్కింది మేడం అన్నాను. బాత్‌రూంలో జారిపడ్డామని చెప్పే ఆడవాళ్ల వంక ఎలా చూస్తుందో, నా వంకా అలాగే చూసింది.

అందుకే ఆ ఆదివారం యూనస్ వదిలెయ్యమనగానే వదిలేశాను. దువ్వెనను అలమర పైఅరలో పడేశాను. నచ్చదుగా, ఉండనీ అనుకున్నాను. ఒకవారం కాదు, మూడు వారాలు. వానాకాలం, ఇంట్లో గోడలే చెమ్మగిల్లుతున్నాయి. పిల్లి చంకల్లో, చెవుల వెనక, పొట్ట కింద వెంట్రుకలు ఉండలు కడుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. చూసీ ఊరుకున్నాను. అది నడక మార్చుకుంది, ముందుకాళ్లు ఎడంగా వేస్తూ. నిజం చెప్తున్నాను, అప్పుడు కూడా నాకు జాలి కన్నా, చూద్దాం ఇప్పుడేం చేస్తారో అన్న కసే ఎక్కువగా ఉంది.

ఏం చేశారంటే, ఒక శుక్రవారం నేను ఆఫీసులో ఉండగా యూనస్ దానికి షాంపూతో తలంటు పోశాడు. నేనొచ్చేసరికి ఉండలన్నీ బిగుసుకుని చర్మానికి అతుక్కుపోయాయి. చంకలో ఒకటి నిమ్మకాయంత అట్టకట్టింది. మా అత్తయ్య హఫీజున్నీసా పెళ్లయిన దగ్గర్నుంచి ముప్పయ్యేళ్లు దూది ఏకిన మనిషి. ఆమె దాన్ని వేలితో తడిమి చూసి, కొడుకుని తిట్టింది. "దూది ఏకే ఇంట పుట్టావురా. తడిసి ఉండకట్టిన దూది ఎప్పుడన్నా విడిందా? ఆరినప్పుడు అంచు నించి విప్పాలిగానీ నీళ్లు పోస్తారా?"

 యూనస్ నా వైపు తిరిగి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లుండి ఒక పిల్లిని చూసుకోలేకపోయారన్నాడు.

సోమవారం కొట్టు తియ్యలేదు. నందిగామలో పశువుల డాక్టరు స్టీవెన్ గారి దగ్గరకి కారులో బయల్దేరాడు. పిల్లిని పట్టుకోవడానికి నన్ను రమ్మన్నాడు. మీ మేడంకి నేను ఫోన్ చేసి చెప్తాలే సెలవు కావాలని అన్నాడు.  నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయిన రోజున సీజను, కొట్టు కట్టేస్తే ఎట్టా అన్న మనిషి. ఆసుపత్రి నుంచి ఇంటికి మా అమ్మతో ఆటోలో వచ్చాను, ప్రతి గుంతకీ పొట్ట పట్టుకుంటూ. ఇప్పుడు ఆయన పిల్లికి కుదుపు తగలకుండా గుంతల దగ్గర గేరు మారుస్తుంటే, వెనక సీట్లో బుట్ట పట్టుకుని కూర్చుని చూశాను.

డాక్టరు గారు బుట్టలో చెయ్యి పెట్టకుండా ముందు దాన్ని బయటికి రానిచ్చాడు. రెండు దార్లున్నాయన్నాడు. మత్తిచ్చి మొత్తం గొరిగెయ్యడం, లేదా ఓపిగ్గా చేత్తో విప్పడం. కత్తెర మాత్రం పెట్టొద్దు, ఉండతోపాటు చర్మం కూడా లేచి తెగుతుందన్నాడు. యూనస్ మత్తంటే భయపడ్డాడు. అయితే రోజూ అయిదు నిమిషాలు, పొడిగా, మొదలు దగ్గర వేళ్లతో పట్టుకుని చివర్ల నుంచి విప్పమన్నాడు డాక్టరు గారు. ఆఖర్న నా చేతి మీద పాత గీతలు చూసి, నాతోనే చెప్పాడు. "గుర్రుమంటే ఆపెయ్యండమ్మా. మీరు ఆపుతారని తెలిస్తేనే రేపు మళ్లీ చెయ్యి వెయ్యనిస్తుంది. ఇన్నాళ్లూ దానికి మీరంటే కోపం కాదు, నొప్పి."

తిరిగొచ్చేటప్పుడు ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. మూడు వారాలు నేను కసి తీర్చుకున్నది ఒక నొప్పి మీదన్నమాట.

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర యూనస్ ఫోన్ మోగింది. వత్సవాయి నుంచి ఆయన చెల్లెలు రుబీనా. ఏడో నెల. కారు స్పీకర్లో ఆ పిల్ల గొంతు సంతోషంగా వినిపించింది. "వదినా, అన్నయ్య చెప్పాడు, నువ్వు పని మానేస్తున్నావంటగా. ఇప్పుడు నాకు భయం లేదు. పోయినసారి నువ్వు చేసినట్టు మా అత్తగారింట్లో ఎవరు చేస్తారు?"

పుట్టింట్లో పురుడు మొదటి కాన్పుకే మామూలు, ఇది రెండోది. ఆ మొదటి కాన్పుకి నేను చేశాను. నలభై రోజులు వేణ్ణీళ్లు, నూనె మర్దన, సాంబ్రాణి పొగ, పత్యం వంట, బాలింత గుడ్డలు. అంతకు ముందు రెండు నెలలు, తర్వాత రెండు నెలలు. అప్పుడు ఒక స్కూల్లో చేసేదాన్ని, తిరిగి వెళ్లేసరికి నా కుర్చీలో ఇంకొకరున్నారు. మళ్లీ పని దొరకడానికి మూడేళ్లు పట్టింది.

ఫోన్ పెట్టేశాక ఎప్పుడనుకున్నారిది అని అడిగాను. "పొద్దునే మీ మేడంతో మాట్లాడా. సెలవు గురించి ఎట్టాగూ చేశా గదా, పన్లో పని ఇంకో అమ్మాయిని చూసుకోమని చెప్పా" అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా రోజుల్ని ఆయన చెల్లెలికి ఇచ్చేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. కాసేపు ఆలోచించి, బేగంకి కొత్త మనుషులు నచ్చరు, పసిపిల్ల ఏడుపుకి బెదురుద్ది, మేడ మీద గది దానికిచ్చేద్దామన్నాడు. దాన్ని అడిగి కాదు, అడగక్కర్లేకుండానే తెలుసుకుని. నా బుట్టలో పిల్లి నిద్రపోతోంది. దాన్ని టోల్‌గేటు దగ్గర దించేసి పోవాలనిపించింది.

మంగళవారం ఆఫీసుకి వెళ్తే మేడం నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది. "మీ ఆయన చెప్పింది విన్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు" అంది. ఎవరైనా అడిగితే చాలు, చెప్పడానికి నా దగ్గర బోలెడు ఉందనుకునేదాన్ని.  తీరా అడిగితే, రోజూ ఆడవాళ్ల పిటిషన్లలో 'నా సమ్మతి లేకుండా' అని టైపు చేసే వేళ్లు ఒళ్లో ముడుచుకు కూర్చున్నాయి. సోమవారం నువ్వొస్తే పని నీది, రాకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటానంది. ఆమెకీ అంతకన్నా ఆగడానికి లేదు, లోక్ అదాలత్ ముందు పని కుప్పలుగా ఉంది.

ఆ వారమంతా సాయంత్రాలు వరండాలో నేనూ అత్తయ్యా పిల్లిని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఆమెకి వేళ్లు వంకర్లు పోయాయి గానీ పనితనం పోలేదు. ఉండను మధ్యలో లాగొద్దు, అంచున నాలుగు పోగులు వదులు చెయ్యి, మిగతాది అదే వస్తుంది అని నా వేళ్లని పట్టుకుని చూపించింది. మొదటి రోజు రెండు నిమిషాలకే పిల్లి గుర్రుమంది. ఆపేశాను. అది నమ్మనట్టు నా మొహంలోకి చూసి, దూరంగా వెళ్లి కూర్చుంది. మర్నాడు నాలుగు నిమిషాలు. గురువారం నాడు నేను దువ్వెన తియ్యకముందే వచ్చి పక్కన పడుకుంది.

ఆ రోజే అత్తయ్యతో అన్నాను, యూనస్ నన్ను అడగలేదని. ఆమె చాలాసేపు దగ్గింది. దూది ధూళి ఆమె ఊపిరితిత్తుల్లో ఇప్పటికీ ఉంది.

"నన్నెవరడిగారమ్మా? పురుడు పోసుకుని పదోరోజున దూది ఏకే విల్లు పట్టించారు. నువ్వు పొద్దున్నే బస్సెక్కి పోతుంటే కిటికీలోంచి చూస్తా. ఒక్కోనాడు ఒళ్లు మండుద్ది."

ఆమె దాన్ని సిగ్గుపడుతూ చెప్పలేదు, కోపంగానూ చెప్పలేదు. నేను పిల్లిని చూసి ఏడుస్తున్నట్టే ఆమె నన్ను చూసి ఏడుస్తోంది. పదకొండేళ్లు ఒకే వంటింట్లో తిరుగుతూ నాకది తెలియలేదు. ఆమె చేతిలో ఉన్న ఉండని నా చేతిలోకి తీసుకున్నాను.

ఆదివారానికి చంక కింద నిమ్మకాయంత ఉండ ఒక్కటే మిగిలింది. ముగ్గురం వరండాలోనే ఉన్నాం. యూనస్ ఫోన్ చూసుకుంటూ, రేపు పొద్దున వత్సవాయి పోయి రుబీనాని తీసుకొద్దాం, నువ్వు రెడీగా ఉండు అన్నాడు. అంటూనే పిల్లిని ఎత్తుకోవడానికి వంగాడు. అది గుర్రుమంది. ఆయన వెంటనే చేతులు వెనక్కి తీసుకుని, సరే సరే అంటూ ఒకడుగు వెనక్కి వేశాడు. కోపం లేదు, చిన్నబుచ్చుకోవడం లేదు. అంత సులువుగా వేశాడు ఆ అడుగు.

"నాకిష్టం లేదండీ" అన్నాను.

పిల్లి గురించేమో అనుకుని ఏంటి అన్నాడు. "రేపు నేను ఆఫీసుకి పోతున్నా. రుబీనా రానీ, ఇంట్లో ఉన్నంతసేపూ నాకు చేతనైంది చేస్తా. పని మాత్రం మానను. నన్ను అడక్కుండా మేడంకి చెప్పారు, అది నాకు నచ్చలేదు."  

మొదట నవ్వాడు. తర్వాత, సొంత ఆడపడుచుకి చెయ్యడానికి కూడా అడగాలా అన్నాడు. మీ కోర్టులో నేర్పారా ఈ మాటలన్నాడు. ఊళ్లో వాళ్లు ఏమనుకుంటారో చెప్పాడు. నేను మళ్లీ అదే అన్నాను, నాకిష్టం లేదని. ఆయన వాళ్లమ్మ వైపు తిరిగాడు, చూడమ్మా దీని వరస అని.

అత్తయ్య ఉండ మీద నుంచి తలెత్తలేదు.

"జాకియా ఇష్టం లేదంటంది గదరా. వదిలెయ్యి. నా కూతురి పురుడు నేను చూసుకుంటా. నీళ్లు కాయడానికి నువ్వు మధ్యాన్నం కొట్టు కట్టేసి రా."

ఆయన లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ రోజు మాతో అన్నం తినలేదు. నాకు భయం వెయ్యలేదని చెప్పను. రాత్రంతా వేసింది. అయినా పొద్దున లేచి క్యారేజీ ఒక్కటే కట్టుకున్నాను, నాది. అన్నం, కూర గిన్నెల్లో పెట్టి మూతలేశాను, ఎవరిది వాళ్లు పెట్టుకుంటారని.

ఏడున్నరకి చెప్పులేసుకుంటుంటే యూనస్ వరండాలో కింద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బేగం, చేతిలో స్టీలు దువ్వెన, బొటనవేలి మీద రక్తం. నా వంక చూడకుండానే అడిగాడు.

"ఇదెట్టా చెయ్యనిచ్చింది నీకు?"

నేను బ్యాగు భుజానికి తగిలించుకున్నాను.

"గుర్రుమంటే ఆపాను" అని, గేటు వేసి బస్టాండు వైపు నడిచాను.