రుమాలు మడతలో కాగితం

గనుల్లో బొగ్గు పేల్చే జిలెటిన్ మందు చేసే షెడ్డు ఒకటి ఊళ్లకు దూరంగా, ముళ్లతీగ నడుమ ఉండేది. నర్సింగం ఏడేండ్లుగా అందులో ముద్ద మందును మైనపు కాగితపు గొట్టాల్లో కూరే పని చేస్తున్నాడు. అతడు వాకిట్లోకి రాకముందే తియ్యటి వాసన వచ్చేది. అన్నం కలిపినా ఆ వాసనే.

ఆ పనోళ్లందరికీ సోమవారం గండం. ఆదివారం ఇంట్లో ఉండి మర్నాడు షెడ్డులో అడుగు పెట్టగానే కణతలు పగిలిపోయేవి. మంగళవారానికి సర్దుకునేది. దానికి పాతవాళ్లు ఒక ఉపాయం పట్టారు. మందు అంటిన కాగితం ముక్కను శనివారం తల రుమాలు మడతలో దోపుకొని ఇంటికి తెచ్చుకుంటారు. ఆదివారమంతా అది తల మీదుంటే సోమవారం నొప్పి రాదు. గేటు దగ్గర అగ్గిపెట్టె కోసం నడుములు తడిమే జవాను తలల జోలికి పోడు.

నర్సింగం భార్య మల్లక్కకు ఆ కాగితం గిట్టదు. ఒకసారి అతడి రుమాలును చుట్టకుదురు చేసుకొని బిందె ఎత్తుకుంటే, ఇల్లు చేరేసరికి తల రెండు చెక్కలైంది. అందుకే ఆ ఏడు సమ్మక్క జాతరకు వారం సెలవు దొరకగానే, మైలగుడ్డతో తల్లి ముందుకు పోతామా అని, కాగితం పొయ్యిలో వేసి, రుమాలును చౌడుతో ఉడకబెట్టి ఉతికింది. సోమవారం డ్యూటీ లేనప్పుడు కాగితమెందుకని నర్సింగమూ ఊరుకున్నాడు. అతడి బావ, మల్లక్క అన్న కొమురెల్లిదీ అదే షెడ్డు. తన రుమాలు మాత్రం ఉతకనియ్యలేదు. మురికి పోతే గుడ్డ పల్చబడతదన్నాడు.

ఆదివారం బండి కట్టారు. సోమవారం పొద్దుగూకేవేళ వాగు పక్కన ఎడ్లను విడిచి, నర్సింగం చక్రానికి ఒరిగి కూర్చున్నాడు. చలిలో అతడి మెడ మీద చెమట.

"ఎదురొమ్ముల బండ పెట్టినట్టున్నదే," అన్నాడు.

కొమురెల్లి నవ్వాడు. "ఏంది బావా, జాతర జూడకముందే పూనకమా?"

మల్లక్క నవ్వలేదు. అంతకుముందు రాజం ఒక ఆదివారం పొద్దున వేపపుల్ల నోట్లో ఉండగానే ఒరిగి ప్రాణం విడిచాడు. ఎల్లేశం దసరా తెల్లారి పోయాడు. ఇద్దరిదీ ఆ షెడ్డే, ఇద్దరికీ కాగితం దోపుకునే అలవాటు లేదు. కల్లు ఎక్కువై పోయారని దవాఖానలో రాశారట. రాజం కల్లు ముట్టడు. డ్యూటీలో ఉండగా మాత్రం ఒక్కడూ పడలేదు. అందరూ సెలవునాడే. ఇప్పుడు ఉతికిన రుమాలు చుట్టినవాడు చెమటలు కక్కుతున్నాడు. ఉతకనివాడు నవ్వుతున్నాడు.

"అన్నా, నీ రుమాలియ్యి."

"తెల్లగుడ్డ ఉండంగ నా మసిగుడ్డ ఎందుకు చెల్లె?"

"ఇయ్యి, జల్ది."

ఆమె మడత విప్పి చూసింది. కాగితం ఉంది. దాన్ని మొగుడి నుదుటికి ఆనించి, మీద రుమాలు బిగించి కట్టింది. ఎడ్లు నెమరువేస్తున్నాయి. చాలాసేపటికి నర్సింగం చెయ్యి రొమ్ము మీది నుంచి జారి కణత మీదికి పోయింది.

"తల పలుగుతున్నది," అన్నాడు.

"రొమ్ము?"

"రొమ్ముల ఏం లేదు."

ఆమె కాగితాన్ని రెండు ముక్కలు చేసింది. ఒకటి కొమురెల్లికి ఇచ్చింది. అతడు నర్సింగం తెల్లరుమాలు తలకు చుట్టుకొని మడతలో దోపుకున్నాడు. ఇంకా ఐదు రోజుల సెలవుంది, ఆ ముక్కలు అన్నాళ్లు రావు. తెల్లారకముందే బండి వెనక్కి తిప్పారు. తల్లికి ఇవ్వాల్సిన బెల్లం బండిలోనే ఉండిపోయింది.

సెలవు మిగిలి ఉండగానే డ్యూటీకి వచ్చారని మేస్త్రీ ఇద్దర్నీ మెచ్చుకున్నాడట. మల్లక్క ఆ పని మానమని చెప్పాలని రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుంది. మానితే ఇక అన్నీ ఆదివారాలే.

శనివారం సాయంత్రం నర్సింగం వాకిట్లోకి రాగానే ఎదురుపోయి రుమాలు అందుకుంది. వేళ్లతో మడత తడిమింది. కాగితం గరగరలాడింది. అప్పుడు గాని కాళ్లకు నీళ్లియ్యలేదు.