సీయోను తంగరాజ్

తొండియార్‌పేట సీయోను ప్రార్థన మందిరంలో తంగరాజ్ వయసంతా హార్మోనియం వాయించాడు. ఇప్పుడక్కడ ఆయనకు పని లేదు. పిల్లకాయలంతా తమిళ ఆరాధనకు మళ్ళారు. తెలుగు ఆరాధనలో మిగిలిన నలుగురు ముసలివాళ్ళకూ పాటలు పెన్‌డ్రైవ్‌లోంచి వస్తున్నాయి. పెన్‌డ్రైవ్‌కి దగ్గు రాదు, కాఫీ అడగదు. భార్య మునెమ్మ పోయాక ఇంట్లో ఆయనతో గొంతెత్తి మాట్లాడేది ప్రెషర్ కుక్కరొక్కటే.

అలాంటి మనిషికి ఒకనాటి పొద్దున ఫోనొచ్చింది.

"సీయోను తంగరాజన్నేనా? తిరువొత్తియూరు సీయోను నుంచి విజిని మాట్లాడతా ఉండా. మా కోతల పండగ కూటానికి మీరే వచ్చి వాయించాల. ఆ అలల పాట మాత్రం కచ్చితంగా ఉండాలన్నా!"

తంగరాజ్ ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. హార్బర్‌లో మూటలు మోసే రోజుల్లో ఆయన కట్టిన పాట 'అలలపై అడుగులు'. మునెమ్మ తప్ప దాన్ని అడిగి పాడించుకున్నవాళ్ళు లేరు. ఇన్నేళ్ళకు ఎవరో గుర్తు పెట్టుకున్నారు! ఒక్క క్షణం ఆలోచించకుండా వస్తానన్నాడు.

మర్నాడు విజి మళ్ళీ చేసింది. "మీ పాట ఫోన్లో పెడితేగానీ మా పాప అన్నం తినదన్నా," అంది.

తన పాట ఫోన్లోకి ఎప్పుడెక్కింది? అప్పుడు తెలిసొచ్చింది ఆయనకు. చూలై అనే పేటలో ఇంకో తంగరాజ్ ఉన్నాడు. కుర్రాడు, కీబోర్డు వాయిస్తాడు, వాడి మందిరం పేరూ సీయోనే. వాడి పాట 'అలలపై నీ అడుగు' ఆటోల్లో కూడా మోగుతోంది. ఈ మందిరాలవాళ్ళకు ఇంటిపేర్లతో పని లేదు. ఫోన్లో మనిషి పేరుకు ముందు మందిరం పేరు తగిలించి దాచుకుంటారు. అట్లా ఎవరో మహానుభావుడు విజికి ఒక సీయోను తంగరాజ్ బదులు ఇంకో సీయోను తంగరాజ్ నంబరు పంపించాడు.

చెప్పేద్దామనుకున్నాడు. మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో విజి, "తింటిరా అన్నా?" అని అడిగింది.

మునెమ్మ పోయాక ఆ మాట ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. "తింటినమ్మా," అన్నాడు, తినకుండానే. ఇక నిజం చెప్పడం ఆయన వల్ల కాలేదు. తప్పే, ఆ సంగతి ఆయనకూ తెలుసు. విజి రోజూ ఫోను చేసేది. బస్సులో వస్తారా, కారం తింటారా, గొంతు బొంగురుపోయిందేందన్నా, మిరియాల రసం తాగండి అంటూ. ఆయన ఫోను ఛార్జింగు పెట్టి దాని పక్కనే కూర్చునేవాడు. తీరా వెళ్ళి నిలబడితే, వేళ మించిపోయి చేసేదిలేక ఒక్క పాటైనా వాయించనిస్తారని ఆశ.

కూటం నాటి సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, హార్మోనియం పెట్టెతో తిరువొత్తియూరులో ఆటో దిగాడు. పందిరి ముందర ఫ్లెక్సీలో చూలై కుర్రాడు నవ్వుతున్నాడు. ఏర్పాట్లు చూస్తున్న విజి పరుగున వచ్చి, ఆయన వెనకాల ఎవరున్నారా అని చూసింది.

"తంగరాజన్న ఏడ, తాతా?"

"నేనేనమ్మా."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది గానీ ఒక్క మాట తూలలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. ఆమె పక్కకెళ్ళి ఎవరెవరికో ఫోన్లు చేసింది. చూలై కుర్రాడు ఇంట్లోనే ఉన్నాడట, బండెక్కి వచ్చేశాడు. ముసలాయన్ని ముందు వరసలో ఫ్యాను కింద కూర్చోబెట్టి బిర్యానీ పొట్లం చేతికిచ్చారు. కుర్రాడు వాయించాడు. బాగా వాయించాడు. జనమంతా లేచి చప్పట్లు కొడుతూ పాడారు. తంగరాజ్ కూడా కొట్టాడు. మూత తియ్యని పెట్టె కాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

కూటం అయ్యాక విజి ఆటో మాట్లాడి, పెట్టె ఎక్కించింది.

"తప్పు నాదే తాతా. పాపం, మీకేం తెలుసు. ఉండండి, మళ్ళీ ఇట్లా జరక్కుండా ఈ నంబరుకు పేరు మార్చేస్తా."

"నాకు తెలుసమ్మా," అన్నాడు తంగరాజ్. "రెండోనాడే తెలుసు. తింటిరా అని అడిగితివే, అందుకే చెప్పలేదు."

విజి వేలు ఫోను మీద ఆగిపోయింది.

"పేరు మార్చొద్దు తల్లీ, అట్నే ఉండనీ. ఎప్పుడన్నా పొరపాట్న నాకు చేస్తావేమో."