మూరెడు గోడ

రాధాకృష్ణమూర్తి గారి వీధి తలుపు రెండో తాళంచెవి పోయింది ఒక బుధవారం నాడు. మళ్ళీ బుధవారానికల్లా తలుపుకి కొత్త తాళం పడింది, వాకిట్లో ఒకటి పెరట్లో ఒకటి కెమెరాలు వచ్చాయి, లేని కుక్క గురించి గేటుకి బోర్డు వేలాడింది. ఇక మిగిలింది ప్రహరీ గోడ మీద గాజు పెంకులు. ఆ పనికి తిరువూరులో కృపానందాన్ని మించిన తాపీమేస్త్రి లేడు.

పొద్దున ఎనిమిదింటికే అతను పెరట్లో గొంతుక్కూర్చుని సీసాలు పగలగొడుతున్నాడు. తడిపిన గోనెసంచిలో సీసా పెట్టి, మూతి మడిచి, సుత్తితో ఒక్కటే దెబ్బ. తడి గోనె పెంకును కంట్లోకి ఎగరనివ్వదు. మెడ ముక్కలు పక్కన పారేసి, అడుగు ముక్కలు ఏరి బొచ్చెలో వేసుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సిమెంటు తినేసిన అరచేతులు, మోచేతుల దాకా పాత కోతల గీతలు, గోరు లేని ఎడమ బొటనవేలు. ఈ ఊళ్ళో సగం గోడల మీద పెంకులు ఆ చేతులు నాటినవే.

“కృపానందం, ఆ ముక్కలు మరీ పొట్టిగా లేవూ?” అంది కెమెరా.

రాధాకృష్ణమూర్తి గారు లోపల వాలుకుర్చీలో కూర్చుని ఫోనులో అతన్ని చూస్తున్నారు. ఫోనులోంచే మాట్లాడుతున్నారు. ఇద్దరికీ మధ్య పదడుగులు. కిటికీ రెక్క తీస్తే మాట వినిపిస్తుంది. కానీ కిటికీ తీస్తే దొంగలొస్తారు.

“మూడు వేళ్ళ ఎత్తు చాలు సార్. ఇంకా పొడుగైతే కాకి వాలినా విరుగుద్ది.”

ఆ ఇంట్లో ఏముందో కృపానందానికి తెలుసు. అతని భార్య రిబ్కా పద్దెనిమిదేళ్ళు అక్కడ అంట్లు తోమింది. బీరువా నిండా పాత ఆఫీసు కాగితాలు, మూత సరిగా పడని కుక్కరు, చిరిగితే పడెయ్యకుండా దాచిన పన్నెండు గొడుగులు. దొంగెవడైనా దూరితే జాలిపడి ఏదో ఒకటి పెట్టి పోవాలి.

పసుపుతాడు కట్టిన ఆ తాళంచెవి సంగతీ రిబ్కాయే చెప్పి నవ్వేది. దాన్ని ఆయన వారానికో చోట దాచేవారు. ఒక వారం మీటరు పెట్టె వెనక, ఒక వారం పాత బూటులో, ఒక వారం కరివేపాకు తొట్టి కింద. దాచేముందు నాలుగు దిక్కులూ చూసేవారు, అంట్లు తోముతున్న మనిషిని మాత్రం చూసేవారు కారు. తన కళ్ళ ముందు దాచిన చోట్లన్నీ ఆమెకు తెలుసు. ఏనాడూ బయట చెప్పలేదు.

తాళంచెవి పోయాక ఆమెను ఎవరూ దొంగ అనలేదు. అంత మర్యాద ఉంది. కొన్నాళ్ళు మేమే తోముకుంటాంలే రిబ్కా అన్నారు ఆ ఇంటావిడ శారదాంబ గారు, భర్త నేర్పిన మాట. వారం తిరక్కుండా ఆ వీధిలో మిగతా మూడిళ్ళ వాళ్ళూ అదే మాట అన్నారు. ఇన్నేళ్ళ పేరు ఒక్క వారంలో పోయింది. ఆ ఇంటి పనికే మొగుడు ఒప్పుకున్నాడని రిబ్కా రెండు రోజులు మాట్లాడలేదు. ఆ చెవి ఆ ఆవరణ దాటి ఉండదని అతని నమ్మకం. వెతకడానికే ఒప్పుకున్నాడని ఆమెకు చెప్పలేదు.

మధ్యాహ్నానికి మూడు వైపులా పూర్తయింది. లోపలికి వాలి ఒకటి, బయటికి వాలి ఒకటి, దువ్వెన పళ్ళలా నిలబెట్టుకుంటూ వచ్చాడు. ఎడమ రెక్క పొద్దుటినుంచీ లాగుతోంది. రుద్దుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ నిచ్చెనెక్కాడు.

నాలుగు గంటలకు, బట్టలుతికే బండ పైన గోడ మూలకు వచ్చేసరికి, ఒక ఇటుక కదిలింది. తాపీ మొనతో కాస్త లేపి చూశాడు. కింద నీలం కవరు. కవరులో తాళంచెవి, దానికి పసుపుతాడు.

బండ మీద నిలబడితే ఆయన చెయ్యి సరిగ్గా అక్కడికి అందుతుంది.

కృపానందం నవ్వలేదు. ఇటుకను మెల్లగా దించేశాడు. కెమెరా కన్ను అతని వీపు మీదే ఉంది. తీసి చేతికిస్తే, పెళ్ళాం తీసింది, మొగుడు తెచ్చిచ్చాడు అంటారు. చూపిస్తే, నువ్వే పెట్టావంటారు. వాళ్ళ బుద్ధి ఎత్తెంతో అతను ఎప్పుడో కొలిచి చూశాడు. ఆ ఇటుకను ఆయన చేత్తో ఆయనే ఎత్తాలి, కెమెరా చూస్తుండగా ఎత్తాలి.

“సార్, ఈ మూల ఒక్కసారి మీరొచ్చి చూడాల.”

“ఫోనులో కనపడుతోందిగా. కానియ్.”

“ఫోనులో చూసేది కాదు సార్. ఈ బండెక్కి మీ చేత్తో మీరే చూసుకోవాల. అప్పటిదాకా ఈ మూరెడూ నేను ముట్టను.”

పనివాడు పిలిస్తే పెరట్లోకి వెళ్ళడమా అన్నది ఆయన ఆలోచించాల్సిన విషయం.

“ఎండ బాగా ఉంది. రేపు పొద్దున చూద్దాం.”

తిరువూరు తాపీమేస్త్రీలకు ఒక పద్ధతి ఉంది. సగంలో ఆపిన పని మీద తాపీ పెట్టి వెళతారు. అంటే ఈ పని నాది, ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దని. కృపానందం తాపీని కడిగి ఆ ఇటుక మీద పెట్టి, నిచ్చెన దిగాడు.

ఇంటికెళ్ళి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రిబ్కా టీ గ్లాసు అతని ముందు చప్పుడయ్యేలా పెట్టింది.

“అయిందా నీ మహారాజు కోట?”

“మూరెడుంది. రేపు నువ్వు కడుపారా నవ్వే మాటొకటి చెప్తాలే.”

“ఇప్పుడే చెప్పరాదూ?”

“ఆయన నోటితో ఆయన చెప్పాక.”

ఆమె పొయ్యి దగ్గరకు వెళ్ళి వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. అతని తల ఒక పక్కకి వాలి ఉంది. నిద్రపోయాడనుకుని ఆమె గ్లాసు తీసి పక్కన పెట్టింది. కాళ్ళు సరిగా చాపుదామని పట్టుకున్నప్పుడు తెలిసింది.

రాధాకృష్ణమూర్తి గారు అంత్యక్రియలకు రాలేదు. ఇల్లు వదిలి రావడం కుదరదని కబురు పంపారు. నాలుగో రోజున మిగతా పనికి జయకర్ అనే మేస్త్రిని పిలిపించారు. జయకర్ నిచ్చెనెక్కి, తాపీని చూసి, దిగిపోయాడు. చనిపోయినవాడి తాపీ ఇంటివాళ్ళొచ్చి తీయాలి, నేను తీయను అన్నాడు. రిబ్కాకు కబురు వెళ్ళింది. ఆ గేటు దాటి లోపల అడుగు పెట్టనని ఆమె చెప్పి పంపింది.

ఆయన రోజూ ఫోనులో ఆ మూల చూసుకుంటున్నారు. అక్కడ మూరెడు గోడకు ఇంకా పెంకులు పడలేదు. కదిలే ఇటుక మీద కృపానందం తాపీ ఉంది.