మెగ్నీషియం లేని పళ్లెం

చచ్చిపోయి ఉండాల్సిన బాక్టీరియా పెట్రీ పళ్లెం నిండా తెల్లగా పెరిగి ఉంది.

ఆల్వా చీటీ రెండుసార్లు చదివింది. మెగ్నీషియం కలపని పళ్లెమే. తన బాక్టీరియా అందులో బతకదు. దాని కణపు పొరలో కూర్చుని ఫాస్ఫోలిపిడ్లు తయారుచేసే ఎంజైముల్లో ఒకదాన్ని ఆమే తీసేసింది. ఆ కొవ్వు లేక డీలాపడ్డ పొరను మెగ్నీషియమే పట్టి ఉంచుతుంది. అది లేకుండా బతికిందంటే ఇది మామూలు బాక్టీరియా. ఎవరో మార్చేశారు!

నాలుగేళ్ల పరిశోధన దాని మీదే నిలబడింది. ఈ మధ్యాహ్నమే ఆచారం ప్రకారం సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయం గోడకు మేకు కొట్టి తగిలించాలి. మూడు వారాల్లో అందరి ముందూ ఆమెను ప్రశ్నించబోయే బెర్గెన్ ప్రొఫెసరు బాక్టీరియా నమూనా అడిగితే, మొన్న సోమవారమే పంపింది. ఆయన పరీక్షిస్తే ఆల్వా అబద్ధాలకోరు.

ఫ్రీజరులోంచి తన బాక్టీరియా గొట్టాల పెట్టె లాగింది. చీటీల మీద తన అక్షరాలే. కానీ నాలుగేళ్లు మంచులో ఉన్న సిరా ఇంత నీలంగా ఉండదు. ఆ ఫ్రీజరుకు తాళంచెవులు రెండే. ఒకటి తన జేబులో ఉంది.

రెండోది ల్యాబు చూసుకునే టోర్కెల్ దగ్గరుంది. అతను కాఫీ గదిలో యాలకుల బన్ను తింటున్నాడు. ఆల్వా ఒక చేత్తో సుత్తి పట్టుకునే, పళ్లేన్ని అతని కప్పు పక్కన విసిరినట్టు పెట్టింది.

“ఇదీ నంజుకో.”

“సుత్తి పట్టుకొచ్చావేంటి? మేకు కోసమా, నా నెత్తి కోసమా?”

“అది నువ్వు చెప్పేదాన్ని బట్టి. నా పెట్టె ఎప్పుడు ముట్టుకున్నావ్?”

టోర్కెల్ పళ్లెం చూశాడు. బన్ను పక్కన పెట్టేశాడు.

“ఆల్వా, నేను...”

“నాకొద్దు! నీ ఏడుపు నాకెందుకు? బెర్గెన్‌కి రాయి. ఇప్పుడే. నా ముందే.”

అతను ల్యాప్‌టాప్ తెరిచాడు. రాస్తూ పైకి చదివాడు.

“అయ్యా, మీకు అందింది ఆల్వా బాక్టీరియా కాదు. జూన్‌లో ఒక శుక్రవారం ఆమె పెట్టె బయటికి తీసి, బల్ల మీద పెట్టి కాఫీకి వెళ్లాను. అటునుంచటే పల్లెలో ఇంటికి, పడవకు రంగు వేయడానికి పోయాను. సోమవారానికి అన్నీ కరిగి చచ్చిపోయాయి. చెప్పడానికి సిగ్గేసింది. మామూలు బాక్టీరియా నింపి, ఆమె రాతను చూసి చీటీలు అంటించాను. ఆమె లెక్కలన్నీ అంతకు ముందువి, నిజమైనవి. మోసం నాది.”